పదిమంది పదో తరగతి: చిల్కానగర్ పరిసరాల చిన్న ఉన్నత పాఠశాలల లెక్కలు

ఒక ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది వరకు అయిదు తరగతులూ కలిపి వందమంది పిల్లలు కూడా లేనప్పుడు, అందులో పదో తరగతి పరీక్ష రాసేవారు పది పదిహేను మందికి మించనప్పుడు, ఎంతమంది చేరారు, ఏయే వర్గాల పిల్లలు చేరారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు అనే మూడు లెక్కలను పెద్ద బడుల లెక్కల మాదిరిగానే చదవవచ్చా అన్నది విద్యా పరిశోధకులను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. అమెరికాలో ఈ చర్చ ఎక్కువగా చార్టర్ పాఠశాలల చుట్టూ నడిచింది. హైదరాబాదు తూర్పు కొసన ఉప్పల్, నాచారం, హబ్సిగూడల నడుమ ఉన్న చిల్కానగర్ వంటి చోట అదే ప్రశ్న వేరే వేషంలో, పిల్లలు తగ్గిపోతున్న సర్కారు బడుల గురించీ అద్దె ఇళ్లలో నడిచే చిన్న ప్రైవేటు బడుల గురించీ ఎదురవుతుంది. చిన్న బడి మంచిదా కాదా అని తేల్చడానికి ముందు అది ఏ కారణంగా చిన్నదయిందో తేలాలి. ఆ కారణాన్ని పక్కనపెట్టి ఒక్క ఏడాది శాతాలతో బడులను వరుసలో నిలబెట్టడం వల్ల తల్లిదండ్రులూ అధికారులూ ఇద్దరూ తప్పుదారి పడుతున్నారన్నది ఈ సమీక్షలోని ప్రధాన వాదన.

చార్టర్ పాఠశాల అంటే ప్రభుత్వ సొమ్ముతో, పిల్లల దగ్గర ఫీజు తీసుకోకుండా, ఒక నిర్ణీత కాలానికి కుదిరిన ఒప్పందం కింద స్వతంత్ర యాజమాన్యం నడిపే బడి. అమెరికాలో మినెసోటా రాష్ట్రం 1991లో ఇందుకు మొదటి చట్టం చేయగా, 1992లో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ అనే మొదటి చార్టర్ బడి, అదీ చాలా చిన్న ఉన్నత పాఠశాలగా, తెరుచుకుంది. అక్కడ సొమ్ము తలసరి లెక్కన వస్తుంది కనుక చేరే పిల్లల సంఖ్యపైనే బడి మనుగడ ఆధారపడుతుంది, గడువు ముగిసేలోగా ఫలితాలు చూపకపోతే ఒప్పందం రద్దవుతుంది. తెలుగు ప్రాంతంలో సరిగ్గా ఇలాంటి ఏర్పాటు లేదు. యాజమాన్యం ప్రైవేటుదై, ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వానిదైన ఎయిడెడ్ పాఠశాల దీనికి దగ్గరగా వస్తుంది. 1854 నాటి వుడ్ నివేదిక సూచించిన గ్రాంటు పద్ధతి నుంచి పుట్టిన ఈ బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఖాళీలు భర్తీ కాక క్రమంగా చిక్కిపోయాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడ్ ఉపసంహరణకు పూనుకున్నప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కడంతో యాజమాన్యాలకు వెనక్కి తగ్గే వెసులుబాటు కల్పించాల్సి వచ్చింది. విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకిచ్చి వారి ఖర్చు ప్రభుత్వం భరించడం కూడా ఈ కోవలోదే. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2022-23 నుంచి మొదలుపెట్టగా, తెలంగాణలో అది ఏళ్ల తరబడి కాగితం మీదే నిలిచింది. కాబట్టి చిల్కానగర్‌లో ఫీజు కట్టగలిగే కుటుంబానికి ప్రైవేటు బడి, కట్టలేని కుటుంబానికి సర్కారు బడి అనే గీత స్పష్టంగానే ఉంది, ఆ గీతను చెరపగల మధ్యేమార్గపు బడి మాత్రం లేదు.

ఈ ప్రాంతపు స్వభావం కొంత తెలిస్తేగాని ఇక్కడి బడుల లెక్కలు అర్థం కావు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది, 2020 ఎన్నికల నాటి 150 డివిజన్లలో చిల్కానగర్‌ది 7వ సంఖ్య. 2016లో జిల్లాల పునర్విభజన జరిగాక రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. నగరంలో కలిసి ఇన్నేళ్లయినా ఉప్పల్ మండలంలోని సర్కారు ఉన్నత పాఠశాలలు చాలావరకు జిల్లా పరిషత్ పేరుతోనే, ప్రాథమిక పాఠశాలలు మండల పరిషత్ పేరుతోనే నడుస్తున్నాయి. పల్లె పాలనకు ఏర్పడిన యాజమాన్యం కింద నగరపు బడి ఉండడం పేరుకు సంబంధించిన విచిత్రంగానే మిగలక, పోస్టుల మంజూరులోనూ బదిలీల్లోనూ కూడా తన ప్రభావం చూపుతుంది. ఒకవైపు నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడలు, మరోవైపు వరంగల్ రహదారి, 2017 నవంబరులో మొదలైన నాగోల్ మెట్రో మార్గం ఉన్నందున ఇక్కడికి రెండు రకాల జనం వచ్చి స్థిరపడ్డారు. నల్లగొండ, యాదాద్రి, జనగామ, వరంగల్ వైపు నుంచి వచ్చి సొంత గదో అద్దె ఇల్లో చూసుకున్న కుటుంబాలు ఒక రకమైతే, ఫ్యాక్టరీల్లోనూ కట్టడం పనుల్లోనూ కుదిరి పని ఉన్నంతకాలమే ఉండే ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల కుటుంబాలు మరో రకం. మొదటి రకం పిల్లలు ఆదాయం పెరిగేకొద్దీ బడి మారతారు, రెండో రకం పిల్లలు నాన్న పని మారినప్పుడల్లా ఊరే మారతారు.

ఇక్కడ బడి చిన్నదవడానికి కారణాలు కనీసం మూడు. మొదటిది ఖాళీ అవుతూ వచ్చిన బడి. ఒకప్పుడు సెక్షన్లు చాలక ఇబ్బందిపడి, చుట్టూ ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడులు వెలిశాక ఒక్కో తరగతిలో పదీ పన్నెండు మందికి తగ్గిన సర్కారు ఉన్నత పాఠశాల ఈ రకానిది. రెండోది ఇంకా నిండని బడి. ప్రాథమిక తరగతులతో మొదలై, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ పదో తరగతికి గుర్తింపు తెచ్చుకున్న ప్రైవేటు బడిలో నర్సరీ కిటకిటలాడుతూ ఉంటే పై తరగతులు పలచగా ఉంటాయి. మూడోది మధ్యలో కారిపోయే బడి. అయిదో తరగతి వరకు పిల్లలు నిండుగా ఉండి, ఆ తరువాత గురుకులాలకు కొందరు, టెక్నో పేర్లతో నడిచే కార్పొరేట్ బడులకు కొందరు వెళ్లిపోవడంతో పై తరగతుల్లో మిగిలినవారితో సరిపెట్టుకునే బడి ఇది. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతి తెలంగాణ ఏర్పడ్డాక వెయ్యికి పైగా విద్యాలయాలకు విస్తరించింది. వాటిలో ఎక్కువభాగం అయిదో తరగతిలోనే ప్రవేశాలు తీసుకుంటాయి, అదీ ప్రవేశపరీక్ష ద్వారా. అందువల్ల పక్కనున్న చిన్న బడి నుంచి ముందుగా వెళ్లేది చదువులో ముందున్న పిల్లలే. స్ట్రెంత్ అరవై అని ఈ మూడు బడులూ ఒకే అంకె చూపినా, మొదటిది ఉపాధ్యాయుల సమస్య, రెండోది కాలం తీర్చే సమస్య, మూడోది ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అనే సమస్య.

నమోదు లెక్కకు ఆధారం యూడైస్ అని పిలిచే ఏకీకృత జిల్లా విద్యా సమాచార వ్యవస్థ. దేశంలోని ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఇచ్చి, సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా తీసుకుని లెక్కలు సేకరించే ఈ వ్యవస్థ 2022-23 నుంచి మొత్తం సంఖ్యలతో సరిపెట్టకుండా ఒక్కో విద్యార్థి పేరునా వివరాలు తీసుకుంటోంది. పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోతే పాత బడి అతణ్ని డ్రాప్‌బాక్స్ అనే జాబితాలోకి పంపాలి, కొత్త బడి అక్కడి నుంచి తన ఖాతాలోకి తీసుకోవాలి. ఈ రెండు పనుల మధ్య వారాలో నెలలో గడిస్తే ఆ పిల్లవాడు ఏ బడిలోనూ లేనట్టు కనిపిస్తాడు, పాత బడి పంపకపోతే వెళ్లిపోయినవాడు ఇంకా అక్కడే చదువుతున్నట్టు కనిపిస్తాడు. వెయ్యిమంది ఉన్న బడిలో ఇలాంటి పేర్లు నాలుగైదు ఉన్నా తేడా తెలియదు. అరవైమంది బడిలో అవే నాలుగైదు పేర్లు ఒక ఉపాధ్యాయ పోస్టు ఉంటుందా పోతుందా అన్నదాన్ని తేల్చవచ్చు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుచుకుంటాయి, బడిబాట పేరుతో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్చేదీ ఆ రోజుల్లోనే. ఆ చేరికల్లో ఎన్ని నిలిచాయో తెలియడానికి దసరా తరువాతి హాజరు చూడాలి. అయితే కొన్ని ఏళ్లలో ప్రామాణిక తేదీ సెలవుల్లోనే పడుతుంది. 2025లో దసరా సెలవులు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు ఉండడంతో లెక్కకు గీటురాయైన రోజున తెలంగాణ బడులకు తాళాలే ఉన్నాయి.

దేశవ్యాప్త లెక్కలు చూస్తే చిన్న బడి మినహాయింపేమీ కాదు. 2016-17 యూడైస్ లెక్కల ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దాదాపు 28 శాతం, ప్రాథమికోన్నత బడుల్లో 14.8 శాతం 30 మందికన్నా తక్కువ పిల్లలతో ఉన్నాయని 2020 జాతీయ విద్యావిధానమే పేర్కొంది. 2024-25లో ఒక్క విద్యార్థీ చేరని బడులు దేశంలో 7,993 ఉండగా, వాటిలో పశ్చిమ బెంగాల్ తరువాత ఎక్కువ, అంటే 2,245, తెలంగాణలోనే ఉన్నాయి. సాధారణంగా ఈ అంకెలను పల్లెల కథగా, వలసలతో ఖాళీ అయిన ఊళ్ల కథగా చెబుతారు. కానీ ఆ వలసలు వచ్చి చేరిన చిల్కానగర్ లాంటి చోట్ల జనం పెరిగినా సర్కారు బడిలో పిల్లలు ఆ మేరకు పెరగకపోవడం ఆ కథకు రెండో సగం. రెండు వేల దశకం తొలి సంవత్సరాల్లో జేమ్స్ టూలీ, పౌలీన్ డిక్సన్ అనే పరిశోధకులు హైదరాబాదు పాతబస్తీలో మూడు మండలాల్లో వీధి వీధీ తిరిగి లెక్కించిన 918 బడుల్లో ప్రభుత్వానివి 35 శాతానికి లోపే, ఎయిడెడ్ బడులు 5 శాతం, మిగిలిన దాదాపు 60 శాతం ప్రైవేటువి. వాటిలో గుర్తింపు లేనివే మొత్తంలో 23 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలోనూ ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవారు 2002లో 24 శాతం ఉండగా 2009 నాటికి 44 శాతమయ్యారు.

ఈ ప్రవాహం ఒకసారి వెనక్కి కూడా తిరిగింది. 2020 మార్చిలో కొవిడ్‌తో మూతపడిన బడులు నెలల తరబడి తెరుచుకోకపోవడంతో, ఫీజులే ఆధారంగా బతికే చిన్న ప్రైవేటు బడులు అద్దెలు కట్టలేక, జీతాలివ్వలేక చితికిపోయాయి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది, దాన్నిబట్టే ఆ వృత్తి ఎంత సన్నని దారం మీద నడుస్తున్నదో తెలుస్తుంది. ఉపాధి పోయిన తల్లిదండ్రులు ఆ రెండేళ్లలో పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చడం, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టడం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇవ్వడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. కాబట్టి ఆ ఏళ్లలో ఒక చిన్న సర్కారు బడి పిల్లల సంఖ్య పెరిగినా, తరువాత తగ్గినా, ప్రధానోపాధ్యాయుడి సమర్థతకో అసమర్థతకో దాన్ని ముడిపెట్టడం అన్యాయం.

సామాజిక కూర్పు విషయంలో చిన్న సంఖ్యల చిక్కు మరింత ముదురుతుంది. యూడైస్ పత్రం ప్రతి విద్యార్థినీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ వర్గాల్లోనూ, మతం, మాతృభాష, లింగం, ప్రత్యేక అవసరాలు వంటి గడుల్లోనూ నమోదు చేస్తుంది. 2024లో జరిగి 2025 ఫిబ్రవరిలో వెల్లడైన తెలంగాణ కులగణనలో జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని తేలింది. ఏ బడి కూర్పునయినా ఈ అంకెలతో పోల్చి చూడాలనిపించడం సహజం. అయితే పన్నెండుమంది ఉన్న తరగతిలో ఎస్టీ పిల్లవాడు ఒక్కడుంటే 8.3 శాతం, ఇద్దరుంటే 16.7 శాతం అవుతుంది. రాష్ట్ర సగటుకు సమానమైన అంకె ఆ తరగతికి రావడమే అసాధ్యం. ఒక ఇంటివాళ్లు గది ఖాళీ చేసి బోడుప్పల్‌కో పీర్జాదిగూడకో మారితే అన్న, చెల్లి, తమ్ముడు ముగ్గురూ ఒకేసారి వెళ్లి మూడు తరగతుల కూర్పు మారిపోతుంది. అమెరికాలో రాష్ట్రాలు ఇంత చిన్న గుంపుల ఫలితాలను ప్రచురించవు. ఒక నిర్ణీత సంఖ్యకు లోపు పిల్లలుంటే గడిలో చుక్క గుర్తు పెట్టి వదిలేస్తాయి. లెక్క కుదరదన్నది దానికి ఒక కారణం కాగా, ఆ ఒక్క పిల్లవాడు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుందన్నది రెండో కారణం. ఇక్కడ అలాంటి మర్యాద ఇంకా అలవాటు కాలేదు, ఫలానా వర్గంలో ఉత్తీర్ణత సున్నా శాతం అని ఒక నివేదికలో రాస్తే అది ఒక్క అమ్మాయి గురించి రాసిన వాక్యం కావచ్చు.

కూర్పులో శాతాలకన్నా గమనించాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి ఆడపిల్లల వాటా. ఇంట్లో ఒకరికే ఫీజు కట్టగల స్తోమత ఉన్నప్పుడు కొడుకు ప్రైవేటుకూ కూతురు సర్కారుకూ వెళ్లడం యంగ్ లైవ్స్ అధ్యయనంలో కనిపించిన ధోరణి. అందువల్ల సర్కారు చిన్న బడిలో అమ్మాయిలు ఎక్కువగా ఉండడం ఆడపిల్లల చదువు పెరిగిందనడానికి మాత్రమే సాక్ష్యం కాదు. రెండోది ఇంటి భాష. 2018లో తెలంగాణ చేసిన చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే ఒడియా తండ్రి కొడుకు ఏడో తరగతిలో వచ్చి చేరితే, ఇంట్లో ఒక భాష, వీధిలో హిందీ, పుస్తకంలో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు అతని ముందుంటాయి. పెద్ద బడిలో అలాంటి పిల్లలు ఒక గుంపుగా ఉంటారు కనుక ఉపాధ్యాయులు వారికోసం ఏదో ఒక ఏర్పాటు చేయగలుగుతారు, చిన్న బడిలో ఒకరే ఉంటారు. ఆ ఒంటరితనం ఏ గడిలోనూ నమోదు కాదు. అయితే చిన్న బడి ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడి పేరూ ఇల్లూ తెలిసి ఉంటాయన్నది కూడా అంతే నిజం.

ఇక ఫలితాలు. తెలంగాణలో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 90 శాతం, 2023లో 86.60, 2024లో 91.31, 2025లో 92.78 శాతం. ఏటా అయిదు లక్షల మంది పిల్లలు పదకొండు వేలకు పైగా బడుల నుంచి పరీక్ష రాస్తారు, అంటే బడికి సగటున నలభై అయిదు మందికి మించరు. ఆ సగటుకు చాలా కింద ఉన్న బడులు వేలల్లో ఉన్నాయని దీన్నిబట్టే ఊహించవచ్చు. నూరు శాతం ఫలితం సాధించిన బడులు 2023లో 2,793 కాగా 2024లో 3,927, 2025లో 4,629. ఒక్కరూ ఉత్తీర్ణులు కాని బడులు అదే వరుసలో 25, 6, 2. పత్రికలు ఈ రెండు జాబితాలనూ ఒకటి గర్వంగా, ఒకటి సిగ్గుగా ప్రచురిస్తాయి. రెండింటిలోనూ చిన్న బడులకు ఎక్కువ చోటు దక్కడానికి గణితపరమైన కారణం ఒకటి ఉంది.

ఒక పిల్లవాడు ఉత్తీర్ణుడయ్యే అవకాశం పదింట తొమ్మిది అని, అంటే రాష్ట్ర సగటుకు దాదాపు సమానమని అనుకుంటే, అయిదుగురు ఉన్న బడికి ఏ ప్రత్యేకతా లేకుండానే నూరు శాతం వచ్చే అవకాశం 59 శాతం. పదిమంది ఉంటే 35 శాతం, ఇరవైమంది ఉంటే 12 శాతం, అరవైమంది ఉంటే వెయ్యికి రెండు పాళ్లు మాత్రమే. అదే పదిమంది బడికి ఏ లోపమూ లేకుండానే ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో తప్పి ఫలితం 70 శాతానికో ఇంకా కిందికో పడిపోయే అవకాశం 7 శాతం, అంటే సుమారుగా పద్నాలుగేళ్లకొకసారి. పదిమందిలో తొమ్మిదిమంది ఉత్తీర్ణులైన బడి నిజమైన సామర్థ్యం, గణాంకశాస్త్రంలో సాధారణంగా వాడే 95 శాతం నమ్మకపు హద్దుల్లో, 60 నుంచి 98 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మూడేళ్ల ఫలితాలు కలిపి ముప్ఫైమందిలో ఇరవై ఏడుగురని చూస్తే ఆ హద్దులు 74, 97లకు దగ్గరపడతాయి. పైగా ఈ లెక్క ఒక్కో పిల్లవాడి ఫలితం మరొకరితో సంబంధం లేనిదని అనుకుంటుంది. వాస్తవంలో గణితం టీచరు డిప్యుటేషన్ మీద ఏడాదంతా వేరే బడిలో ఉంటే పదిమందీ ఒకే సబ్జెక్టులో దెబ్బతింటారు కాబట్టి చిన్న బడిలో ఒడిదొడుకులు ఈ అంచనాకన్నా ఎక్కువే. నమూనా పెరిగేకొద్దీ సగటు ఊగిసలాట దాని వర్గమూలం మేరకు తగ్గుతుందని 1730లో అబ్రహాం ద మ్వావ్ర్ చూపించిన సూత్రమే ఇక్కడి వ్యవహారమంతా.

ఆ సూత్రాన్ని పట్టించుకోకపోవడం వల్ల అమెరికాలో ఏమైందో హోవర్డ్ వైనర్, హారిస్ జ్వెర్లింగ్ 2006లో చూపారు. పెన్సిల్వేనియాలోని 1,662 బడుల్లో అత్యుత్తమ ఫలితాలు సాధించిన 50 బడులను తీస్తే వాటిలో 6 రాష్ట్రంలోకెల్లా చిన్నవైన 50 బడుల్లోవే. యాదృచ్ఛికంగా అయితే ఒకటో రెండో రావాలి. చిన్న బడే మంచి బడి అని అక్కడితో ఆగిపోయినవారు అడుగున ఉన్న 50 బడులను చూడలేదు. వాటిలో చిన్న బడులు 9. అంతకు నాలుగేళ్ల ముందే థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ నార్త్ కరోలినా లెక్కలతో, బహుమతుల జాబితాలోనూ శిక్షల జాబితాలోనూ చిన్న బడులే ఎక్కువగా తేలుతాయని హెచ్చరించారు. ఈలోగా గేట్స్ ఫౌండేషన్ పెద్ద ఉన్నత పాఠశాలలను విడగొట్టి చిన్నవి చేసే ప్రయత్నంతో సహా ఉన్నత పాఠశాలల మెరుగుదలకు సుమారు 200 కోట్ల డాలర్లు వెచ్చించింది. పెట్టుబడి పెట్టిన చిన్న బడుల్లో చాలావాటిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని 2009లో బిల్ గేట్స్ స్వయంగా ఒప్పుకున్నారు. అయితే కథ అక్కడ ముగియలేదు. న్యూయార్క్ నగరంలో విఫలమైన పెద్ద బడులను మూసి వాటి స్థానంలో తెరిచిన చిన్న బడుల్లో లాటరీ ద్వారా సీటు దొరికినవారినీ దొరకనివారినీ పోల్చిన ఎం.డి.ఆర్.సి. సంస్థ అధ్యయనం, సీటు దొరికినవారిలో చదువు పూర్తి చేసినవారు చెప్పుకోదగ్గంత ఎక్కువని తేల్చింది. అక్కడ చిన్న బడి అంటే తరగతికి వందమంది. చిల్కానగర్ లెక్కలో అది పెద్ద బడి.

చార్టర్ బడుల మీద వచ్చిన పరిశోధనదీ ఇదే తీరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో సంస్థ 2009 నివేదికలో 17 శాతం చార్టర్ బడులు సాధారణ ప్రభుత్వ బడులకన్నా మెరుగ్గా, 37 శాతం తక్కువగా, మిగిలినవి సమానంగా ఉన్నాయని, అంటే యాజమాన్యం పేరు చూసి నాణ్యత చెప్పలేమని తేలింది. తెలుగు నేల మీద దీనికి సాటిరాగల అధ్యయనం ఒక్కటే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో 180 గ్రామాల్లో లాటరీ పద్ధతిలో పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించి నాలుగేళ్లు అనుసరించారు. తెలుగు, గణితాల్లో రెండు రకాల పిల్లల మధ్యా తేడా రాలేదు, ప్రభుత్వ బడుల్లో బోధించని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి మిగిలిన సబ్జెక్టులకు ఎక్కువ ఇచ్చాయి, పైగా తలసరి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువ. దీన్ని ప్రైవేటు గెలుపుగా చదివినవారూ ఉన్నారు, సర్కారు బడికి ఊరటగా చదివినవారూ ఉన్నారు. లాటరీ లేకుండా నేరుగా రెండు బడుల మార్కులు పోల్చితే కనిపించే తేడాలో అధికభాగం పిల్లలు వచ్చిన ఇళ్ల తేడా అన్నది మాత్రం ఇరువురూ కాదనలేనిది. గ్రామీణ ప్రాథమిక దశ ఫలితాలను నగరపు ఉన్నత పాఠశాలకు యథాతథంగా అన్వయించకూడదన్న జాగ్రత్త తప్పనిసరే.

పరీక్ష కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఒకేలా నిలవలేదు. 2014-15 నుంచి పదో తరగతిలో సబ్జెక్టుకు 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. 2020, 2021లలో కొవిడ్ కారణంగా రాతపరీక్షతో పని లేకుండానే అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022 నుంచి పదకొండు పేపర్లు ఆరయ్యాయి. 2025లో జీపీఏకు బదులు మార్కులు మళ్లీ వచ్చాయి. ఉప్పల్ కూడలి చుట్టూ మే నెలలో వెలిసే ఫ్లెక్సీల్లో పదికి పది జీపీఏ అన్న ముఖచిత్రాలు 2024తో ఆగి, ఆరువందలకు ఇన్ని మార్కులన్న అంకెలు వచ్చాయి. ఇలా పరీక్షే మారుతున్నప్పుడు ఒక చిన్న బడి పదేళ్ల ఫలితాల గీత గీసి, ఎత్తుపల్లాలకు కారణాలు వెతకడం వృథా ప్రయాస. పైగా తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారో, వారిలో ఎంతమంది అదే బడి నుంచి పదో తరగతి రాశారో తెలియకుండా ఉత్తీర్ణత శాతానికి అర్థం లేదు. పన్నెండుమందిలో వెనకబడిన ఇద్దరికి టీసీ ఇచ్చి పంపేస్తే ఫలితం నూరు శాతం అవుతుంది. మరోవైపు గుర్తింపు లేని బడి పిల్లలు గుర్తింపు ఉన్న మరో బడి పేరుతో పరీక్ష రాసినప్పుడు ఆ బడి ఫలితం ఎవరి చదువును కొలుస్తుందో చెప్పడం కష్టం.

చిన్న బడి భారం ఎక్కువగా కనిపించేది టైంటేబులులో. అయిదు తరగతులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే బోధించాల్సిన పీరియడ్లు 240. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం అనే ఏడు సబ్జెక్టులకు ఏడుగురు ఉంటే ఒక్కొక్కరికి వారానికి 34 పీరియడ్లు వస్తాయి. తరగతికి పన్నెండుమంది ఉన్నా నలభైమంది ఉన్నా ఈ 240 మారవు. అరవైమంది బడిలో ఏడుగురిని నియమిస్తే తొమ్మిదిమందికి ఒక టీచరు అనే విలాసవంతమైన నిష్పత్తి కాగితం మీద కనిపిస్తుంది, దాన్ని చూసి ఇద్దరిని తీసేస్తే జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు హిందీ పీరియడుకు కాపలా కూర్చుంటాడు. ప్రైవేటు బడిలో ఇదే లెక్క రూపాయల్లో తేలుతుంది. 1994 నాటి మొదటి నంబరు జీవో ప్రకారం ఫీజు ఆదాయంలో 50 శాతం జీతాలకు, 15 శాతం పీఎఫ్ వంటి ఉపాధ్యాయ ప్రయోజనాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి చెందాలి. ఊహకు ఎనభైమంది పిల్లలు నెలకు 2,000 రూపాయల చొప్పున కట్టే బడి అనుకుంటే ఆదాయం లక్షా అరవై వేలు, జీతాలకు ఎనభై వేలు, ఎనిమిదిమంది టీచర్లకు తలా పదివేలు. నిర్వహణ వాటా ఇరవైనాలుగు వేలతో మెట్రో వచ్చాక పెరిగిన అద్దెల్లో మూడంతస్తుల ఇల్లు దొరకదు. పిల్లలు నూట యాభైకి చేరితే తప్ప ఈ లెక్క కుదరదు కనుక, చిన్న ప్రైవేటు ఉన్నత పాఠశాల ఎదగాలి, లేదా జీతాలు కోయాలి, లేదా మూతపడాలి. స్థిరంగా చిన్నదిగా ఉండగలిగేది ప్రభుత్వ బడే, అదీ ప్రభుత్వం ఓపిక పట్టినంతకాలం.

ఆ ఓపిక ఎంతవరకు అన్నదే విధానపరమైన ప్రశ్న. పక్కపక్కనున్న బడులను ఒక సముదాయంగా కలిపి ఉపాధ్యాయులనూ ప్రయోగశాలనూ గ్రంథాలయాన్నీ పంచుకోవాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించగా, 2020 జాతీయ విధానం ఆ ఆలోచననే మళ్లీ ముందుకు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2022 జూన్‌లో ఇచ్చిన 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించి, వ్యతిరేకత ఎదురై 2025లో ఆ ఏర్పాటును రద్దు చేసుకుంది. అంటే విలీనం చేసి మళ్లీ విడదీయడానికి మూడేళ్లు పట్టింది, అది ఒక పిల్లవాడి ఉన్నత పాఠశాల జీవితంలో సగానికి మించిన కాలం. నగరంలో విలీనం తేలికని అనుకుంటారు, బడులు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక. ప్రాథమికానికి కిలోమీటరు, ప్రాథమికోన్నతానికి మూడు, ఉన్నత పాఠశాలకు అయిదు కిలోమీటర్లన్న దూరపు నియమాలు చిల్కానగర్‌లో ఏ విలీనానికీ అడ్డురావు. అయితే ఇక్కడి పిల్లవాణ్ని రామంతాపూర్ వైపున్న బడికి కేటాయిస్తే, దూరం ఎంత తక్కువైనా, అతను రోజుకు రెండుసార్లు వరంగల్ రహదారిని దాటాలి. ఆరో తరగతి అమ్మాయిని అలా పంపడానికి ఇష్టపడని తల్లి, ఉన్న వీధిలోనే నెలకు 2,000 రూపాయల బడి వెతుక్కుంటుంది. విలీనం కోసం వేసిన అంచనాలో రెండు బడుల స్ట్రెంత్ కలిపి వచ్చే మొత్తం రాస్తారు, ఆ అమ్మాయి అందులో లెక్కకు వస్తుంది, తరువాతి సెప్టెంబరు 30న మాత్రం రెండు బడుల్లోనూ కనిపించదు.